‘ఈ వయసులో మాన్పించుట యెందుకు?’ అను వాదమునకు ఖండనము

తెలుగునాట వృద్ధుల మద్యపానమును గూర్చి ఎవరైనను ప్రస్తావించినప్పుడు, విద్యావంతుల యిండ్లలోనైనను, పల్లెలోని రచ్చబండ యొద్దనైనను, తుదకు వైద్యుని గదిలోనైనను వినవచ్చు సమాధానమొక్కటియే: “ఈ వయసులో ఆయన చేత ఏం మాన్పిస్తాం? ఇన్నేళ్లు తాగిన మనిషి, ఇంకెన్నాళ్లుంటాడు? ఉన్న ఒక్క సుఖాన్నీ తీసెయ్యడం దేనికి?” ఈ మాట పలుకువారు దుర్మార్గులు కారు. తండ్రియందు ప్రేమ గల కుమారులును, మామగారియందు గౌరవము గల కోడండ్రును, రోగియందు జాలి గల వైద్యులును ఈ మాటనే పలుకుచున్నారు. పలికి, తాము ఔదార్యము చూపితిమని తృప్తి చెందుచున్నారు. దయ యొక్క రూపమును ధరించి వచ్చుటచేతనే ఈ వాదమును ఎదిరించువారు అరుదైరి. ఆ రూపము వెనుక నున్నది దయ కాదనియు, ఉపేక్ష యనియు, ఆ ఉపేక్ష వృద్ధుల ప్రాణమును, స్మృతిని, గౌరవమును హరించుచున్నదనియు, వార్ధక్యము చికిత్సను మానుటకు హేతువు కాకపోగా చికిత్స చేయుటకే బలవత్తరమైన హేతువనియు నిరూపించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

పూర్వపక్షమును దాని బలమంతటితోను చెప్పి పిదప ఖండించుట న్యాయము. ఆ పక్షము వారు చెప్పునది యిది: చిరకాలపు అలవాటుచేత దేహము మద్యమునకు ఓర్చుకొనుట నేర్చినది, మితముగా పుచ్చుకొన్న మద్యము గుండెకు మేలును నిద్రకు సాధనమును, ముదిమిలో మనుష్యుడు మారడు, మిగిలిన ఆయువు స్వల్పము, ఆ స్వల్పకాలమున తన పింఛనుతో తన యిష్టమువచ్చినట్లు బ్రతుకుట ఆయన స్వేచ్ఛ. ఈ అయిదింటిలో మొదటి రెండును శాస్త్రమునకు విరుద్ధములు; మూడవది అనుభవమునకు విరుద్ధము; కడపటి రెండును, పైకి ధర్మవాక్యములవలె తోచినను, పరిశీలించినకొలది తమ బలమును గోల్పోవును.

మొదట దేహమును గూర్చి విచారింతము. మద్యసారము క్రొవ్వులో గాక నీటిలో వ్యాపించు పదార్థము. యౌవనమున పురుషుని శరీరభారములో సుమారు 60 శాతము నీరుండగా, వార్ధక్యమున కండరములు క్షీణించి క్రొవ్వు పెరుగుటచేత అది 50 శాతము దరిదాపులకు దిగును. స్త్రీలయందు అంతకంటెను తక్కువ. పెద్ద కుండెడు నీటిలో వేసిన పిడికెడు ఉప్పునే చిన్న ముంతలో వేసిన నీరెట్లు ఉప్పుకషాయమగునో, అట్లే నలువదియవ యేట త్రాగిన పరిమాణమే డెబ్బదియవ యేట రక్తములో మిక్కిలి గాఢమగును. దీనికి తోడు వయసుతోపాటు కాలేయమునకు రక్తప్రసారము తగ్గును. మెదడు మత్తునకు మునుపటికంటె త్వరగా లొంగిపోవును. కావున ‘ఎప్పుడూ తాగేంతే తాగుతున్నాడు’ అను మాట సీసా విషయమున సత్యమైనను, దేహము విషయమున అసత్యము. త్రాగునది మారలేదు గాని త్రాగువాడు మారినాడు.

‘మితము’ అనుదానిని కూడ లెక్కకట్టి చూడవలయును. మన దుకాణములలో ‘క్వార్టర్’ అని పిలువబడు 180 మిల్లీలీటర్ల సీసాలో, 42.8 శాతపు గాఢత గల విస్కీయో బ్రాందీయో ఉన్నప్పుడు, సుమారు 60 గ్రాముల శుద్ధమద్యసార మిమిడియుండును. అమెరికా దేశమున మద్యమును గూర్చి పరిశోధించు జాతీయసంస్థ, 65 ఏండ్లు దాటియు ఆరోగ్యవంతులై, ఏ ఔషధమును సేవింపనివారికి సైతము, వారమునకు 7 కొలతలు, ఏ యొక్క దినమునను 3 కొలతలు మించరాదని హద్దు విధించినది; కొలత యొక్కంటికి 14 గ్రాములు. అనగా దినమునకు 42 గ్రాములు, వారమునకు 98 గ్రాములు. రాత్రికొక క్వార్టర్ మాత్రమే పుచ్చుకొని ఎవరితోను పోట్లాడక పండుకొను మన పెద్దాయన, ఆ దినపు హద్దును ప్రతిరాత్రియు దాటుచు, వారపు హద్దును రెండవ రాత్రికే దాటుచున్నాడు. అల్లరి చేయనంతమాత్రమున అది మితపానము కాదు. ఇరుగుపొరుగువారికి వినబడని హాని యంతియే.

ఇంతకును ‘ఏ ఔషధమును సేవింపనివారికి’ అను నియమము వర్తించు వృద్ధులు మన యిండ్లలో ఎందరు? మధుమేహమునకొకటి, రక్తపుపోటునకొకటి, మోకాళ్ల నొప్పులకొకటి, నిద్రకొకటి చొప్పున మాత్రల పెట్టె నిండియుండుట నేడు సామాన్యము. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు భోజనము సరిగా చేయక త్రాగినచో, రక్తములోని చక్కెర రాత్రివేళ ప్రమాదకరముగా పడిపోవును. అప్పుడు కలుగు తడబాటు, చెమట, స్పృహలేమి మత్తువలెనే కనబడుటచేత, ఇంటివారు ‘ఎక్కువైంది, పడుకోనీ’ అని దీపమార్పి పోవుదురు. గుప్పెడు చక్కెరతో నిలువగల ప్రాణమట్లు తెల్లవారులోగా పోవుట కలదు. రక్తపుపోటు మాత్రలతో మద్యము కలిసినప్పుడు నడిరేయి మూత్రమునకై లేచిన మనుష్యుడు కనులు చీకట్లు క్రమ్మి కూలిపోవును. ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలతో కలిసిన మద్యము ఊపిరినే మందగింపజేయును. ఆస్పిరిన్‌తోను, కీళ్లనొప్పుల మాత్రలతోను కలిసి జీర్ణకోశమున రక్తస్రావమును కలిగించును. వైద్యుడు వ్రాసిన ప్రతి చీటియు, రోగి త్రాగడను ఊహమీద వ్రాయబడుచున్నది. ఆ ఊహ సరియైనదా యని అడుగు సాహసము మాత్రము ఎవరును చేయుటలేదు.

రెండవది గుండెను గూర్చిన నమ్మకము. 1992లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్జ్ రెనో, క్రొవ్వు పదార్థములు విరివిగా తినియు ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువగుటకు ద్రాక్షాసారాయము కారణము కావచ్చునని లాన్సెట్ పత్రికలో ప్రకటించిన నాటినుండి, ‘రోజుకొక పెగ్గు గుండెకు మందు’ అను మాట ద్రాక్షాసారాయము నెన్నడు నెరుగని మన యూళ్లకు సైతము ప్రాకినది. అంతకు నాలుగేండ్లు ముందే, 1988లో, అదే పత్రికలో జెరాల్డ్ షేపర్, అతని సహచరులు ఒక గట్టి ఆక్షేపణను తెలిపియుండిరి: త్రాగనివారి వర్గములో జబ్బుచేసి త్రాగుడు మానినవారు చేరియుండుటచేత, ఆ వర్గము అనారోగ్యవంతముగాను, మితముగా త్రాగువారి వర్గము ఆరోగ్యవంతముగాను కనబడుచున్నదని. రోగులను ఒక ప్రక్కకు చేర్చి, ఆరోగ్యవంతులను రెండవ ప్రక్కన నిలిపి, భేదమంతయు మద్యము మహిమయే యనుట తర్కము కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయములను క్యాన్సరు కారకములలో మొదటి తరగతియందు చేర్చినది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఆరోగ్యమునకు హాని చేయని మద్యపరిమాణమనునది లేదని ప్రకటించినది. రక్తపుపోటును పెంచి, గుండె లయను తప్పించి, గుండె కండరమునే బలహీనపరచు పదార్థమును గుండెకు ఔషధమని నమ్ముట ఇక చెల్లదు. నిద్ర విషయమును ఇంతియే: మద్యము త్వరగా కన్ను మూయించును గాని, రాత్రి రెండవ సగమున నిద్రను ముక్కలు చేయును; వేకువకు ముందే మేల్కొని, నిద్రలేదని మరునాడు మరికొంత పోసికొనుట యనెడి చక్రములో వృద్ధుడు చిక్కుకొనును.

ఈ హానియంతయు కంటికి కనబడకపోవుటకు హేతువేమి? వార్ధక్యమే దానికి ముసుగు. చేతులు వణకినచో వయసు. మాట మరచినచో వయసు. స్నానపుగదిలో జారిపడినచో వయసు. అన్నము సహింపకపోయినచో వయసు. వయసుచేత మెదడు కొంత కుంచించుకొనియుండుటవలన, తలకు తగిలిన చిన్న దెబ్బకే సిరలు తెగి, పుర్రెలోపల రక్తము మెల్లమెల్లగా చేరి, వారములు గడచిన పిదప మతిభ్రమణముగా బయటపడుట వైద్యులకు సుపరిచితము; ఆనాటి దెబ్బగాని, దానికి ముందటి సీసాగాని అప్పటికి ఎవరికిని గుర్తుండదు. తుంటియెముక విరిగి ఆసుపత్రిలో చేరిన పెద్దాయన త్రాగుడును గూర్చి కుమారుడు సిగ్గుచేత వైద్యునికి చెప్పడు; శస్త్రచికిత్స జరుగును; రెండవ నాడో మూడవ నాడో ఆయన లేనివారిని చూచుచు, మంచము దిగి పారిపోజూచుచు, ఒడలు వణకుచు కేకలు వేయును; అది మద్యమాగుటచేత కలిగిన సన్నిపాతమని గ్రహింపక, మత్తుమందు పడలేదని కొందరు, గాలి సోకినదని కొందరు తలంతురు. 1813లోనే ఇంగ్లండున థామస్ సట్టన్ అను వైద్యుడు వర్ణించిన వ్యాధియిది. దాచుట యను దోషమువలన నేటికిని మన వార్డులలో ప్రాణములు తీయుచున్నది.

లెక్కలలో సైతము వృద్ధులు మరుగుననే యున్నారు. 2019లో ప్రకటింపబడిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారి జాతీయ సర్వేక్షణము, దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారని తెలిపినది. అది పరిగణించిన వయస్సు 10 నుండి 75 వఱకు మాత్రమే. డెబ్బదియారవ యేడు నిండినవారు ఆ గణనలోనే లేరు. 2020 ఆగస్టు 15న ఆరంభమైన నషాముక్త భారత్ ఉద్యమమునకును ప్రధానలక్ష్యము యువజనులే. యువకులను కాపాడవలదని ఎవరును అనరు. కాని మద్యము యౌవనపు వ్యసనమనియు, ముదుసలికి అది అలవాటు మాత్రమే యనియు భావించు సమాజము, వారి వ్యాధిని చూడకుండుటకు తనకు తానే అనుమతి నిచ్చుకొనుచున్నది.

అందునను స్త్రీల విషయము మరింత మరుగు. తెలంగాణ పల్లెలలో కల్లు దుకాణమునకు పోవు అవ్వలు కలరు. ఒళ్లునొప్పులు తీరుననియు, నిద్రపట్టుననియు వారు త్రాగుదురు. చెట్టునుండి దించిన కల్లు వేరు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలం కలిపిన కల్తీకల్లు వేరు. 2015 ప్రాంతమున కల్తీపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాల ఆసుపత్రులకు వణకుతోను, మూర్ఛలతోను, పొంతనలేని మాటలతోను జనులు వచ్చిరి. జీవితమంతయు పొలములో నడుము వంచిన ఆ స్త్రీలు కల్లనుకొని పుచ్చుకొన్నది నిద్రమందు. వారిని చూచి ‘ముసల్ది, పోనీ’ అనుట దయయే యైనచో, క్రౌర్యమునకు వేరు రూపమును వెదకనక్కరలేదు.

ఇక మూడవ వాదము: ముసలివారు మారరని. దీనికంటె అబద్ధమైన మాట ఈ విషయమున మరొకటి లేదు. వృద్ధులలో మద్యవ్యసనము గలవారందరును యౌవనమునుండి త్రాగుచున్నవారు కారు. సుమారు మూడవవంతుమందికి అది ఉద్యోగవిరమణ, సహధర్మచారిణి మరణము, బిడ్డలు దూరదేశమునకు పోవుట, నిద్రలేమి వంటి వార్ధక్యపు దెబ్బలచేతనే ముదిరినది. ఇట్టివారు చికిత్సకు త్వరగా లొంగుదురు. చికిత్స ఫలితములలో వృద్ధులు యువకులకంటె తీసిపోరనియు, పెక్కు సందర్భములలో మిన్నయే యనియు పరిశోధనలు చూపినవి. 1999లో ప్రకటితమైన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు పరీక్షలో, 65 ఏండ్లు దాటిన 158 మందిలో కొందరికి వారి సొంత వైద్యుడు పదిపదునైదు నిమిషముల చొప్పున రెండుమార్లు హితము చెప్పగా, వారి త్రాగుడు దాదాపు మూడవవంతు తగ్గినది. ఖరీదైన యంత్రము లేదు, గొప్ప ఔషధము లేదు. ఎరిగిన వైద్యుడు గౌరవముతో కూర్చుండబెట్టి చెప్పిన మాట. ఆ మాట చెప్పుటకే మనము వెనుదీయుచున్నాము.

పురాణగాథలు వినిన జాతికి ఈ సత్యము క్రొత్త కాదు. భారతకథలో తన శిష్యుడైన కచుని బూడిదను సురలో కలిపి రాక్షసులు ఈయగా, తెలియక త్రాగిన శుక్రాచార్యుడు బాలుడు కాడు; అసురులకెల్ల గురువు, బిడ్డ గల తండ్రి, మృతసంజీవని నెరిగిన మహాజ్ఞాని. మత్తు తన వివేకము నెంతదూరము హరించినదో ఎరిగిన పిమ్మట, ‘ఈ వయసులో నాకేల’ అని యాయన అనలేదు. ఆ సురనే శపించి, త్రాగరాదని లోకమునకు నియమము చేసెను. చరకసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయము మదాత్యయమునకే కేటాయింపబడినది. మన ప్రాచీన వైద్యము సైతము దీనిని చికిత్స గల వ్యాధిగానే యెంచినది.

నాలుగవది, ఆయువు స్వల్పమను వాదము. అరువదేండ్లు నిండినవారికి మన దేశమున సగటున ఇంకను సుమారు 18 ఏండ్ల జీవితము మిగిలియున్నది. ఒక బిడ్డ పుట్టి, చదివి, పెద్దదగుటకు పట్టు కాలమది. దానిని ‘ఇంకెన్నాళ్లు’ అని త్రోసివేయుట ఎట్లు? ఆ కాలము నిజముగనే స్వల్పమైనచో, దానిని మంచముపట్టి, మనుమరాండ్ర పేర్లు మరచి గడపుట మరింత అన్యాయము. మద్యము వృద్ధుని వెంటనే చంపదు; ముందు నడకను, పిదప జ్ఞాపకమును, ఆ పిదప ఒరుల సాయము లేక స్నానము చేయగల గౌరవమును తీసికొనును. 1881లో వెర్నికె, 1887లో కోర్సకోఫ్ వర్ణించిన మెదడు వ్యాధి, థయామిన్ అను బి1 విటమిను లోపముచేత త్రాగుబోతులకు వచ్చునది, సకాలమున గుర్తించినచో అధికభాగము నివారింపదగినది. గుర్తింపనిచో తిరిగిరాని విస్మృతి. అన్నము మాని త్రాగుచు నీరసించిన పెద్దాయనకు ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యుడు థయామిన్ ఈయక గ్లూకోజు సీసా మాత్రమే ఎక్కించినచో, ఆ వ్యాధి ప్రకోపింపవచ్చును. ఇది మన పల్లెలలో నిత్యము జరుగగల ప్రమాదము.

కడపటిది స్వేచ్ఛ. ఇది గౌరవింపదగిన మాట. దీనిని తేలికగా త్రోసివేయరాదు. పెద్దవారి పింఛను పుస్తకమును లాగికొనుట, నలుగురిలో తిట్టుట, గదిలో పెట్టి గొళ్లెము వేయుట ఎన్నటికిని చికిత్స కాజాలవు. కాని స్వేచ్ఛ యనునది తెలిసి ఎంచుకొనుట. తన మాత్రతో మద్యము కలిసిన నేమగునో ఎవరును చెప్పని మనుష్యుడు ఎంచుకొన్నదేమి? సాయంకాలమగునప్పటికి చేతులు వణకి, అది పడినగాని నిలువలేనివాడు ఎంచుకొనుచున్నదేమి? స్వేచ్ఛను గౌరవించువాడు మొదట సత్యమును చెప్పును. పిదప మార్గమును చూపును. ఆ పిమ్మట నిర్ణయమును వారికి విడుచును. మనము మొదటి రెండును మాని, మూడవది మాత్రము చేసి, దానికి స్వేచ్ఛ యని పేరు పెట్టుచున్నాము. విదేశమునుండి వచ్చునప్పుడు విమానాశ్రయపు దుకాణమున సీసా కొని తెచ్చి తండ్రి చేతికిచ్చు కుమారుడును, ఒంటరియైన తండ్రితో గంటసేపు కూర్చుండుటకు బదులు ఆ సీసాను ఇచ్చుచున్నానేమో యని ఒకమారు తన మనస్సును ప్రశ్నించుకొనవలయును.

ప్రభుత్వమునకును ఇందు ఋణము కలదు. 1980 దశకమున వారుణి వాహిని పేర పొట్లములలో సారాయి పల్లెపల్లెకు చేరినప్పుడు ముప్పదేండ్ల ప్రాయమున నున్న కూలీలే నేటి డెబ్బదేండ్ల వృద్ధులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1993 అక్టోబరులో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. రాజ్యము వచ్చుటయు పోవుటయు జరిగెను గాని, ఆ పొట్లములకు అలవడిన దేహములు మాత్రము అట్లే ముదిసినవి. ఖజానా నింపిన ఆ తరమునకు, ముదిమిలో జిల్లా ఆసుపత్రిలో ఒక మంచమును, మద్యమును గూర్చి అడుగనేర్చిన ఒక వైద్యుని చూపుట భిక్ష కాదు, బాకీ తీర్చుట.

అయితే ఈ వ్యాసము చదివి, ఉద్రేకముతో ఈ రాత్రియే సీసాను పారబోయువారికి ఒక హెచ్చరిక: నిత్యము త్రాగు వృద్ధునికి మద్యము హఠాత్తుగా ఆపుట ప్రాణాంతకము కావచ్చును. మూర్ఛలు తొలి రెండు దినములలోను, సన్నిపాతము రెండు మొదలు నాలుగు దినములలోను వచ్చును. ఆపుట వైద్యుని పర్యవేక్షణమున, థయామిన్‌తోను, తగిన ఔషధములతోను జరుగవలయును. మత్తు విముక్తికై 14446, మానసిక ఆరోగ్యమునకై టెలిమానస్ వారి 14416 అను ఉచిత దూరవాణి సంఖ్యలు కలవు. వైద్యుడు ప్రతి వృద్ధరోగిని, రక్తపుపోటును చూచినంత సహజముగా, ‘అయ్యగారూ, మందు అలవాటుందా? రోజుకెంత?’ అని అడుగవలయును. కుమారుడు సిగ్గు విడిచి ఆ పరిమాణమును చెప్పవలయును.

పెద్దలయెడ గౌరవమనగా పండుగనాడు పాదములకు మ్రొక్కుట మాత్రమే కాదు. వారింకను నేర్వగలవారని, మారగలవారని, కోలుకొనగలవారని విశ్వసించుట. యువకుడు త్రాగినచో పరుగెత్తి వైద్యుని యొద్దకు తీసికొనిపోయి, తండ్రి త్రాగినచో ‘పోనీలే’ యనువాడు, తెలిసియో తెలియకయో, తండ్రి జీవితమునకు తక్కువ వెల కట్టుచున్నాడు. అట్టి తక్కువ వెలను దయ యని పిలుచుటకు ఏ ధర్మమును అంగీకరింపదు.